బేతిరెడ్డీ చెవ్విరెడ్డీ ఒక్కరేనా? రేచెర్ల వంశవృక్షంలో ఒక అతుకు గురించిన కేస్ స్టడీ

నల్గొండ ప్రాంతపు మూలాలున్న ఒక పెద్దాయన మూడేళ్ళ క్రితం వేసవిలో తమ కుటుంబ వంశవృక్షాన్ని సరిచూసి ఇమ్మని నా దగ్గరికి వచ్చారు. ఆయన పేరూ ఊరూ ఈ వ్యాసానికి అక్కరలేదు. వెంట తెచ్చినవి మూడు: వంశావళులు చెప్పే భట్రాజు చెబుతుండగా వాళ్ళ తాతగారు రాసుకున్న పొడుగు నోటుపుస్తకం, ఇంట్లో ఒక పెళ్ళికి అచ్చువేయించిన రంగుల చెట్టు బొమ్మ, పహాణీ (ఊరి భూముల రికార్డు) నకళ్ళ కట్ట. బొమ్మలో చెట్టు మొదట్లో రామప్ప గుడి కట్టించిన రేచెర్ల రుద్రసేనాని పేరు ఉంది. ఆయన తమ్ముడి స్థానంలో పిల్లలమర్రి బేతాళరెడ్డి, ఆ పైన రాచకొండ సింగమనాయుడు, ఇంకా పైన వెంకటగిరి రాజులు, చిటారుకొమ్మన ఆయన మనవడు ఉన్నారు.

ఇందులో నిజమెంత అని ఆయన అడగలేదు. ఆయన అడిగింది వేరు. "మూలపురుషుని పేరు చివర రెడ్డి అని ఉన్నది. మేమేమో వెలమలం. ఇది ఎట్ల కుదురుతది పంతులుగారూ?" అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ చెట్టు మొదట్లోని రెండు పేర్లను విడదీయాలనీ, విడదీసిన తరువాత వాటిలో ఒకదాన్ని పైకొమ్మకు కలపవచ్చునా లేదా అన్నది తేల్చాలనీ నాకు అప్పుడే అనిపించింది. అసలు కేసు ఈ ఒక్క అతుకే: చెవ్విరెడ్డి అని కూడా పేరున్న ఆ బేతాళరెడ్డీ, శాసనాల్లోని బేతిరెడ్డీ ఒక్కరేనా అన్నది.

ఇటీవలి తరాల భాగం పెద్దగా శ్రమ పెట్టలేదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఆయన తాతగారి పేరు పట్టాదారుగా ఉంది. నోటుపుస్తకంలోని ఏడు తరాల్లో ఇటీవలివి దానితో సరిపోయాయి. నన్ను ఆపింది ఆ ఏడు తరాలకు ముందువాళ్ళ పేజీ. ఏడో తరం దాకా ప్రతి పేరు పక్కన భార్య పేరు, ఆమె పుట్టింటి పేరు, ఏ ఊరి ఆడపడుచో కూడా రాసి ఉంది. ఎనిమిదో పేరు నుంచి ఆడవాళ్ళే లేరు. బిరుదులు మాత్రం పెరిగాయి. ఈ పనిలో ఇన్నేళ్ళుగా నేను పెట్టుకున్న ఒక మోటు గుర్తు ఇది: కోడలి పుట్టిల్లు గుర్తున్నంత మేర అది ఇంటి జ్ఞాపకం, బిరుదులు మొదలైన చోట ఇంటి జ్ఞాపకం అయిపోయి, ఇంకెవరి దగ్గరి నుంచో తెచ్చుకున్న పాఠం మొదలైనట్టు. ఆ పాఠం అబద్ధమని దీని అర్థం కాదు. దాన్ని వేరే సాక్ష్యంతో పరీక్షించాలని మాత్రమే.

ఆ పరీక్ష పిల్లలమర్రిలో మొదలుపెట్టాను. సూర్యాపేట పక్కనే ఉన్న ఈ ఊళ్ళో కాకతీయుల కాలపు శివాలయాలు ఉన్నాయి. కాకతీయ రాజు రుద్రదేవుడి కాలానికి చెందిన 1195 నాటి శాసనమూ, గణపతిదేవుడి కాలానికి చెందిన 1208 నాటి శాసనమూ ఇక్కడివే. ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించినది రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని. నామేశ్వరాలయం నామిరెడ్డి పేరు మీద ఉంది. దేవుడి పేరులో దాత పేరో, దాత పెద్దల పేరో నిలపడం ఆనాటి వాడుక కనుక, గుళ్ళ పేర్లే సగం వంశావళి. రామప్ప గుడి ఉన్న పాలంపేటలోనూ ఇదే పద్ధతి. ప్రధానాలయంలోని దేవుడు రుద్రేశ్వరుడు. అదే ప్రాంగణంలో కాటేశ్వర, కామేశ్వర ఆలయాలు ఉన్నాయి. ఆ వంశక్రమంలో శాసనం చెప్పే కాట, కామ అనే పేర్లే అవి.

శాసనపాఠాలు అచ్చులో దొరుకుతున్నా రాయిని ఒకసారి కంటితో చూడనిదే నాకు తృప్తి ఉండదు. పట్టపగలు ఎండలో అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. సాయంత్రం నీడ పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి ఏటవాలుగా వెలుగు వేస్తే, చెక్కిన గీతల్లో నీడ నిలిచి ఒక్కొక్క అక్షరమే లేచి వస్తుంది. అలా చూస్తున్నప్పుడు గుర్తుపెట్టుకోవలసినది ఒకటుంది. ఆ రాయిని చెక్కించినవారికి మన వంశవృక్షంతో పని లేదు. ఎవరు, ఏ దేవుడికి, ఎప్పుడు, ఏ భూమి ఇచ్చారో నిలవాలన్నదే వారి కోరిక. చుట్టరికం ఆ మాటల మధ్య దాతను గుర్తుపట్టించడానికి అవసరమైనంత మేరకే వస్తుంది. ఎరకసాని విషయంలో నా పనికి అక్కరకు వచ్చినవి నాలుగు: ఆమె పేరు, భర్త పేరు, ఊరు, సంవత్సరం. ఒక మధ్యయుగపు వ్యక్తిని గుర్తించడానికి ఈ నాలుగూ ఒకే చోట దొరకడం చిన్న సంగతి కాదు.

పాలంపేట శాసనం తీరు వేరు. గుడి పక్కన చిన్న మండపంలో నిలిపిన నలుపలకల స్తంభం అది. సంస్కృత భాష, ఆనాటి తెలుగు లిపి. శక సంవత్సరం 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి అన్నది దాని తేదీ. చైత్రం కనుక 78 కలిపితే 1213. ఏడాది చివరి నెలలైతే కొన్నిసార్లు 79 కలపవలసి వస్తుంది. సంవత్సర నామంతో సరిచూడటం ఇంకా మంచిది: 1135 శకం శ్రీముఖకే సరిపోతుంది కనుక ఇక్కడ తగాదా లేదు. ఈ శాసనం ముందు కాకతీయుల క్రమాన్ని చెప్పి, ఆ తరువాత రేచెర్ల వంశాన్ని బ్రహ్మ సేనానితో మొదలుపెడుతుంది. కంచి కోట తలుపును తెరను చీల్చినట్టు చీల్చి, చోళుల లక్ష్మిని కాకతి ప్రభువుకు కట్టబెట్టినవాడని అతన్ని పొగుడుతుంది. 11వ శతాబ్దం నడుమ పశ్చిమ చాళుక్యులు చోళుల మీదికి సాగించిన దండయాత్రలతో చరిత్రకారులు ఈ మాటను ముడిపెడతారు. అక్కడి నుంచి రుద్రసేనాని దాకా శాసనం చెప్పే పేర్లు కొద్దివే, గడిచినది దాదాపు 160 ఏళ్ళు. అందుచేత బ్రహ్మకూ అతని తరువాతి పేరుకూ మధ్య 'ఆ వంశంలో' అన్న మాటను నేను తండ్రీకొడుకుల గీతగా గీయను. తరాలు జారిపోయి ఉండవచ్చునని రెండు చిన్న అడ్డగీతలు పెడతాను.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. మొదటి చిత్తుప్రతిలో నేనూ ఆ పెళ్ళి బొమ్మలాగే రుద్రసేనానినీ బేతిరెడ్డినీ దగ్గరి జ్ఞాతులుగా ఒకే గీత మీద పెట్టాను. ఇద్దరూ రేచెర్ల, ఇద్దరూ గణపతిదేవుడి కాలం, రెండు గుళ్ళ మధ్య అయిదేళ్ళ తేడా. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. తరువాత నా చిత్తునే మరొకరి పనిలా చదివితే, ఆ గీతకు కింద ఆధారంగా ఏ రాయీ లేదు. ఇంటిపేరు ఒకటే కావడం చుట్టరికానికి సాక్ష్యం కాదు. దీనికి పిల్లలమర్రి అన్న ఊరి పేరే నిదర్శనం. శృంగార శాకుంతలం రాసిన పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా పిల్లలమర్రే. ఆయన బ్రాహ్మణుడు, బేతిరెడ్డికి ఏమీ కాడు. చరిత్రకారులు రేచెర్ల రెడ్లను పాలంపేట వైపు ఒక శాఖ, ఆమనగల్లు–పిల్లలమర్రి వైపు ఒక శాఖ అని రెండుగా చూస్తారు. వాటిని కలిపే వ్యక్తి ఎవరో చూపకుండా రెండింటినీ ఒక పుటలో గీయడం నాకు సరి అనిపించలేదు. రుద్రసేనానిని వేరే కాగితం మీదికి మార్చాను.

ఇప్పుడు పైకొమ్మ నుంచి కిందికి దిగాలి. రాచకొండ, దేవరకొండ దుర్గాల నుంచి తెలంగాణను ఏలిన పద్మనాయక వెలమల గురించి మనకున్న పెద్ద కథనం వెలుగోటివారి వంశావళి. నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో దీన్ని ప్రచురించింది. ఇది ఒక కవి ఒకసారి కూర్చుని రాసినది కాదు. ఒక్కో ప్రభువు మీద వేర్వేరు కాలాల్లో చెప్పిన పద్యాలను తరాల వరుసలో పేర్చిన కట్ట. ఆ వరుసలో మొదటివాడు చెవ్విరెడ్డి; అతనికే పిల్లలమర్రి బేతాళరెడ్డి అని పేరు. కొడుకులు దామానాయుడు, ప్రసాదిత్యనాయుడు, రుద్రనాయుడు. దామానాయుడి కొడుకు వెన్నమనాయుడు, అతని కొడుకు ఎరదాచానాయుడు, అతని కొడుకు సింగమనాయుడు, ఇతని కొడుకులు అనపోతానాయుడు, మాదానాయుడు.

చెవ్విరెడ్డి కథ తెలంగాణలో చాలామంది పెద్దలకు తెలుసు. పొలం దున్నుతుండగా నిధి బయటపడింది. నరబలి ఇస్తే తప్ప అది దక్కదని మాట వినబడింది. చెవ్విరెడ్డి దగ్గర పనిచేసే మాల కులపు సేద్యగాడు రేచడు తానే బలి అవుతానన్నాడు. బదులుగా రెండు కోరాడు: వంశానికి తన పేరు పెట్టాలి, ఆ ఇంట పెళ్ళి జరిగినప్పుడల్లా ముందు తన వాళ్ళ ఇంట ఒక పెళ్ళి చేయించాలి. అలా రేచెర్ల గోత్రం ఏర్పడిందని కథ. రెండో భాగంలో మర్రిచెట్టు మీది బేతాళుడు చెవ్విరెడ్డికి వరాలిచ్చాడు. అప్పటి నుంచి అతను బేతాళరెడ్డి అయ్యాడు.

వంశచరిత్ర రాసేవారు ఇలాంటి కథ ఎదురైతే సాధారణంగా రెంటిలో ఒకటి చేస్తారు: కట్టుకథ అని పక్కన పెడతారు, లేదా పూర్తిగా నమ్మి మొదటి పేజీలో వేస్తారు. నేను దాన్ని విప్పి చూస్తాను. కథలో మర్రిచెట్టు ఎందుకుంది? ఊరి పేరు పిల్లలమర్రి కనుక. బేతాళుడు ఎందుకున్నాడు? మూలపురుషుడి పేరు బేతి కనుక. బేత, బేతి అన్నవి కాకతీయుల కాలంలో వాడుక పేర్లు. కాకతి ప్రభువుల్లోనే ఇద్దరు బేతరాజులున్నారు. రెండు మూడు వందల ఏళ్ళకు ఆ పేరు వాడుకలోంచి పోయింది. 'పిల్లలమర్రి బేతిరెడ్డి' అని వింటున్నవాళ్ళకు బేతి అంటే ఏమిటో తెలియలేదు. మర్రి తెలుసు, మర్రి మీద ఉండే బేతాళుడు తెలుసు. పేరుకు అర్థం చెప్పడానికి కథ పుట్టింది. అంటే ఆ కథను పిండితే మిగిలేది మూడు మాటలు: పిల్లలమర్రి, బేతి, రెడ్డి. 1208 నాటి రాతి మీద ఉన్నది సరిగ్గా ఈ మూడే.

రేచడి భాగం మాత్రం ఇలా నిలబడదు. రేచెర్ల అన్న కులనామం పాలంపేట శాసనంలో బ్రహ్మ సేనాని నాటికే, అంటే బేతిరెడ్డికి నూటయాభై ఏళ్ళకు ముందే ఉన్నట్టు 1213లో ఆ వంశంవాళ్ళే చెప్పుకున్నారు. పైగా 'చెర్ల' అన్న చివరిమాట మాచెర్ల వంటి ఊరిపేర్లలో ఉన్నదే. రేచెర్ల కూడా ముందు ఊరి పేరై, తరువాత ఇంటిపేరై ఉంటుందని నా అభిప్రాయం. బేతిరెడ్డి కాలంలో బలి అయినవాడి పేరు మీద అతని ముత్తాతల వంశానికి పేరు రావడం కాలక్రమానికి పొసగదు. అయితే పెళ్ళికి ముందు ఆ సేద్యగాడి వాళ్ళింట పెళ్ళి జరిపించే ఆచారాన్ని బ్రిటిషు కాలపు జాతివివరణ గ్రంథాలు కూడా నమోదు చేశాయి. పేరు ఎలా వచ్చిందన్నది కథ తప్పు చెప్పినా, పొలం దున్నినవాళ్ళకూ పొలం గలవాళ్ళకూ మధ్య ఉండిన ఒక బాకీని అది దాచిపెట్టింది. వంశవృక్షంలో దానికి గడి ఉండదు. అయినా అది ఈ వంశచరిత్రలో భాగమే.

మళ్ళీ అసలు ప్రశ్న. చెవ్విరెడ్డి అనే పిల్లలమర్రి బేతాళరెడ్డి, ఎరకసాని భర్త బేతిరెడ్డి ఒక్కరేనా? పేరు కలుస్తోంది, ఊరు కలుస్తోంది. వంశావళి చెవ్విరెడ్డిని ఆమనగల్లు ప్రభువుగా, గణపతిదేవుడి కొలువువాడిగా చెబుతుంది. ఆమనగల్లు–పిల్లలమర్రి సీమ శాసనాల రెడ్లదే. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా రాజ్యం చేశాడు. కాలం కలుస్తుందేమో లెక్క చూడాలి.

ఈ లెక్కకు తేదీ గట్టిగా ఉన్న మేకులు కావాలి. రుద్రమదేవి పట్టాభిషేక కాలంలో, 1262 ప్రాంతాన, తిరుగుబాటును అణచడంలో ప్రసాదిత్యనాయుడు తోడ్పడ్డాడనీ, కాకతీయరాజ్యస్థాపనాచార్య అన్న బిరుదు అందుకే వచ్చిందనీ సంప్రదాయం. ఎరదాచానాయుడు పాండ్యులను గెలిచాడన్నదాన్ని ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడినాయకుడు 1316లో కంచి మీదికి నడిపిన దండయాత్రతో చరిత్రకారులు జోడిస్తారు. సింగమనాయుడు జల్లిపల్లి ముట్టడిలో చనిపోయింది 1361లో. అనపోతానాయుడి అయినవోలు శాసనం 1369 నాటిది. అందులో అతను ఆంధ్రదేశాధీశ్వరుడు.

ఎరదాచా నుంచి అనపోతా దాకా రెండు తరాల మెట్లు, 1316 నుంచి 1369 దాకా 53 ఏళ్ళు, మెట్టుకు ఇరవైఆరున్నర. ఇది సహజమైన లెక్క. పైభాగంలో చెవ్వి నుంచి ఎరదాచా దాకా మూడు మెట్లు, 1208 నుంచి 1316 దాకా 108 ఏళ్ళు, మెట్టుకు ముప్పైఆరు. కిందితో పోలిస్తే ఇది సాగదీసినట్టుంది. అయితే అసాధ్యం కాదు. 1208లో బేతిరెడ్డికి పాతికేళ్ళనుకుంటే అతను 1183లో పుట్టాడు. 1316లో ఎరదాచాకు ముప్పై అనుకుంటే 1286. మూడు పుట్టుకలకు 103 ఏళ్ళు, ఒక్కోదానికి ముప్పైనాలుగు. ఎక్కువమంది భార్యలుండి, చిన్న కొడుకుల శాఖ నిలిచిన ప్రభుకుటుంబాల్లో ఇది ఉన్నదే. ప్రసాదిత్యుడు 1215 ప్రాంతాన పుట్టి ఉంటే రుద్రమదేవి పట్టానికి వచ్చేనాటికి నలభైఏడేళ్ళవాడు, సైన్యం నడపవలసిన వయసే. లెక్క ఈ అతుకును తోసెయ్యదు. అలాగని రుజువూ చెయ్యదు. నడుమ ఒక తరం పద్యాల్లోంచి జారిపోయి ఉండటానికీ సరిపడా చోటు అందులో ఉంది.

లెక్క కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రసార్ణవసుధాకరం. అనపోతానాయుడి కొడుకు సింగభూపాలుడు సంస్కృతంలో రాసిన ఈ నాట్యరసశాస్త్ర గ్రంథం మొదట్లో ఆయన తన వంశాన్ని చెప్పుకున్నాడు. రేచెర్ల వంశమని చెప్పి, దాచానాయకుడితో (వంశావళిలోని ఎరదాచానాయుడే) మొదలుపెట్టి, అతని భార్య వోచమాంబ, వాళ్ళ కొడుకులు సింగ, వెన్నమ, రేచ, ఆపైన అనపోత, అతని భార్య అన్నమాంబ అని వరుసగా ఇస్తాడు. ఆడవాళ్ళ పేర్లున్నాయి, అన్నదమ్ముల పేర్లున్నాయి. ఇది ఇంటి జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఆయన ముత్తాత దగ్గర మొదలవుతోంది. చెవ్విరెడ్డి, బేతాళుడు, నిధి అందులో లేవు. ముత్తాత దగ్గర ఆగడం గ్రంథానికి అంత చాలనుకోవడం వల్ల కావచ్చు. లేదా బేతిరెడ్డిని మూలపురుషుడిగా చెప్పుకునే అలవాటు ఆ కొలువుకు అప్పటికి ఇంకా రాకపోయి ఉండవచ్చు. రెండో సంగతిని నేను తీసిపారెయ్యలేను. పిల్లలమర్రి గుళ్ళు కళ్ళముందే ఉన్నాయి, వాటిని కట్టించినవాళ్ళ ఇంటిపేరూ రేచెర్లే. తరువాతి తరం భట్టుకవి ఒకడు ఆ రాతి మీది ప్రసిద్ధుణ్ణి తెచ్చి ప్రభువుల వంశానికి మొదట నిలిపి ఉంటే, మనకు ఇప్పుడు కనిపించే పోలికలన్నీ సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. కథను పిండితే రాతి మీది పేరు వచ్చిందన్న నా వాదానికి పదును రెండు వైపులా ఉంది.

పెద్దాయన అడిగిన రెడ్డి–వెలమ ప్రశ్న ఈ అతుకుకు అడ్డమవుతుందా? అవదనే నా జవాబు. కాకతీయుల శాసనాల్లో రెడ్డి, నాయకుడు, బోయ, సెట్టి వంటి మాటలు నేటి అర్థంలో పుట్టుకతో వచ్చిన కులాల పేర్లు కావు. ఎక్కువగా హోదాను, చేసే పనిని చెప్పేవి. రెడ్డి అన్నది రట్టగుడి, రట్టడి అన్న గ్రామాధికారి మాట నుంచి వచ్చింది. తండ్రి పేరు చివర ఒకటి, కొడుకు పేరు చివర ఇంకొకటి ఉన్న శాసనాలు కనిపిస్తాయి. ఊళ్ళు ఏలిన తండ్రి రెడ్డి కావడం, నాయంకరం (సైనిక సేవకు బదులుగా ఇచ్చే భూమి) పొంది సైన్యం పెట్టిన కొడుకు నాయకుడు కావడం ఆనాటికి వింత కాదు. సింగభూపాలుడు తన వంశం విష్ణుపాదం నుంచి, గంగ పుట్టిన చోటి నుంచే పుట్టిన నాలుగో వర్ణమని గర్వంగా చెప్పుకున్నాడు. రెండు కులాలుగా గీత గట్టిపడింది తరువాతి కాలంలో. కాబట్టి 'రెడ్డి' అన్న ఒక్క మాట పట్టుకుని చెవ్విరెడ్డి వెలమల పూర్వికుడు కాలేడనడమూ తప్పే, అదే మాట పట్టుకుని ఈ వంశమంతా ఫలానా వాళ్ళదేనని పంచాయితీ పెట్టడమూ తప్పే. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఇంటికొచ్చిన వియ్యాలవారితో ఈ విషయం మీద ఒకసారి మాటామాటా పెరిగిందట.

దాచా నుంచి కిందికి నేల గట్టిగానే ఉంది, కానీ అక్కడ వేరే గుంట ఉంది. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల రాచకొండలో సింగమ, అనపోత, మళ్ళీ సింగమ, మళ్ళీ అనపోత అని పేర్లు తిరుగుతాయి. పెళ్ళి బొమ్మలో 'సింగమనాయుడు (సర్వజ్ఞ)' అని ఒకే గడి ఉంది. దాని కింద 'జల్లిపల్లిలో వీరమరణం, రసార్ణవసుధాకర కర్త' అని రాశారు. జల్లిపల్లిలో చనిపోయినవాడు తాత. వంశావళి ప్రకారం తన బావమరిది చింతపల్లి సింగమనాయుణ్ణి అక్కడి క్షత్రియులు బంధిస్తే విడిపించడానికి కోటను ముట్టడించాడు. వాళ్ళు పంపిన తమ్మళ బొమ్మజియ్య దొంగదెబ్బ తీశాడు. గ్రంథం రాసినవాడు మనవడు సింగభూపాలుడు. ఆ ఒక్క గడిని రెండు చేసి నడుమ అనపోతాను చేర్చగానే, అంతవరకు పొసగక బాధపెట్టిన మూడు తేదీలు వాటంతటవే సర్దుకున్నాయి. చింతపల్లివారితో వియ్యం అన్న చిన్న సంగతి కూడా దక్కింది. యుద్ధాన్ని పొగిడే పద్యాల్లో పెళ్ళి సంబంధం దొరికితే నేను దాన్ని బిరుదుల కన్నా ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే కల్పించవలసిన అవసరం కవికి తక్కువ.

రాచకొండ, దేవరకొండ పోయాక ఈ వంశశాఖలు దక్షిణానికీ తూర్పుకీ చెదిరాయి. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం, జటప్రోలు సంస్థానాలు రేచెర్ల గోత్రాన్ని చెప్పుకున్నవే. 19వ శతాబ్దంలో వెంకటగిరి బిడ్డలు బొబ్బిలికీ జటప్రోలుకూ దత్తు వెళ్ళారు. అందుచేత అక్కడి చార్టుల్లో కన్న గీత, దత్తత గీత వేర్వేరు రంగుల్లో లేకపోతే ఒకే మనిషి రెండు చోట్ల కనబడతాడు. మా పెద్దాయన కుటుంబానికీ ఈ సంస్థానాలకూ కలిపే కాగితం ఏదీ ఆయన తెచ్చిన కట్టలో లేదు. ఆ మాట ఆయనకు మొదటి వారంలోనే చెప్పాను.

చివరికి నేను ఇచ్చినది ఒక చెట్టు కాదు, మూడు కాగితాలు. మొదటిదాంట్లో ఆయన మనవడి నుంచి ఏడు తరాలు, కోడళ్ళ పుట్టిళ్ళతో సహా, నల్ల సిరా గీతలతో ఉన్నాయి. రెండోదాంట్లో దాచానాయుడు, వోచమాంబల నుంచి రాచకొండ, దేవరకొండ శాఖలు నల్ల సిరాతోనే ఉన్నాయి. దాచాకు పైన వెన్నమ, దామ, చెవ్విరెడ్డి వంశావళి చెప్పిన వరుసలో గోధుమరంగు సిరాతో ఉన్నారు. చెవ్విరెడ్డి గడికీ, 'రేచెర్ల బేతిరెడ్డి, ఎరకసాని, పిల్లలమర్రి, 1208' అన్న గడికీ మధ్య చుక్కల గీత ఉంది. ఆ గీత మీద అటు మొగ్గే కారణాలు, ఇటు మొగ్గే కారణాలు రెండు వాక్యాల్లో రాశాను. ఒకటో కాగితానికీ రెండో కాగితానికీ మధ్య చుక్కలు కూడా పెట్టలేదు. మూడోదాంట్లో పాలంపేట రుద్రసేనాని, అతని పూర్వికులు, బ్రహ్మ సేనాని దగ్గర అడ్డగీతలతో ఉన్నారు.

ఆయన రామప్ప గుడి తమ కాగితం మీద నుంచి పోయినందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఎరకసాని పేరు వచ్చినందుకు సంతోషించి, ఆ పేరు ఎక్కడుందో చూపమని కోడలినీ మనవణ్ణీ వెంటబెట్టుకుని నాతో పిల్లలమర్రి వచ్చారు. తిరుగుదారిలో అడిగారు, "రేచన్నను ఎక్కడ పెట్టిన్రు?" అని. ఆయన్ని చెట్టులో పెట్టడానికి చోటు లేదని చెప్పాను. "మా నాయనమ్మ ఆ కథ చెప్పనిది మా ఇంట్ల ఏ పెండ్లీ కాలే" అన్నారు. రెండో కాగితం వెనక్కి తిప్పి, ఆయన చెబుతుంటే చెప్పినట్టే వాళ్ళ నాయనమ్మ మాటల్లో ఆ కథ రాశాను. విన్నవారి పేరు, విన్న తేదీ కింద వేయించి, ఆయన చేతే సంతకం పెట్టించాను.